తువ్వాలు చాటు జవాబు

నేను రిటైరయ్యాక మా వీధివాళ్ళకు ఒక సందేహం మిగిలిపోయింది. ఇన్నేళ్ళూ ఈవిడ చేసిన ఉద్యోగం ఏమిటి అని. టీచరంటే తెలుసు, నర్సంటే తెలుసు. "హెచ్‌ఐవీ మీద, తాగుడు మీద పరిశోధనకు నిధులు తెచ్చి, ఆ పరిశోధన జరిపించే పనండీ" అని చెబితే పక్కింటి సుందరమ్మగారు కాసేపు ఆలోచించి, "పోన్లెండి, పెన్షన్ వస్తుందిగా" అంది. పెన్షన్ కూడా రాదని చెప్పి ఆవిడ మనసు కష్టపెట్టలేదు.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేసి, "మేడమ్, ప్రపోజల్ ఎలా రాయాలి?" అని అడుగుతుంటారు. ఈ రోజుల్లో అది కంప్యూటరే రాసి పెడుతోంది, నన్నెందుకు అడగటం! నాకొచ్చిన ప్రమోషన్ల గురించి రాద్దామంటే అవి రాలేదు గనక ఆ శ్రమా లేదు. కంప్యూటరు చెప్పనిది ఒకటి నా దగ్గర ఉంది. అది ఒక ఎర్ర తువ్వాలు సంగతి. అదే చెబుతాను.

గుమ్మం మీద బోర్డు

మా సంస్థ గుంటూరులో మిర్చి యార్డు దాపున ఒక పాత డాబాలో ఉండేది. కింద రెండు గదులు, పైన ఆఫీసు. సీజన్‌లో యార్డు నిండా టిక్కీలు దిగుతుంటే (మిర్చి బస్తాని మా వైపు టిక్కీ అంటారు) ఆ ఘాటు మెట్లెక్కి మా ఫైళ్ళ దాకా వచ్చేది. ఆఫీసులో ఎవరు కొత్తో తుమ్ములను బట్టి చెప్పేయొచ్చు. ఇంటర్వ్యూలు రికార్డు చేద్దామని ఒకసారి ఖరీదైన యంత్రం కొన్నారు. మొత్తం సీజన్ రికార్డు చేసి వింటే అందులో ఉన్నవి తుమ్ములు, మధ్యమధ్య "చిరంజీవ".

మా డైరెక్టరు విశ్వనాథం గారు మంచివారు. ఆయనకు తెలుగు పద్యాలంటే ప్రాణం, ఇంగ్లీషు మాటలంటే అంతకన్నా ప్రాణం. "డిస్పారిటీ" అన్న మాట ఆయన నోట్లో ఎప్పుడూ నానుతుండేది. ఒకే జబ్బు అందరికీ వచ్చినా కొందరినే ఎక్కువగా ఎందుకు తినేస్తుంది అని దాని అర్థం. ప్రశ్న మంచిదే. కానీ ఆయన దాన్ని ఎంత వాడారంటే, ఆఫీసులో నా కాఫీ ముందు వచ్చి తన కాఫీ వెనక వచ్చినా, "చూశారా శేషారత్నం గారూ, ఇదీ డిస్పారిటీయే" అనేవారు.

ఒకసారి గుమ్మానికి 'మైనారిటీ వర్గాల ఆరోగ్య పరిశోధన' అని బోర్డు కొట్టించారు. మర్నాడు పొద్దున్నే గుమ్మం ముందు జనం, చేతుల్లో రేషన్ కార్డు జిరాక్సులు. కుట్టుమిషన్లకు లోన్లు ఇస్తున్నారనుకొని వచ్చారు పాపం. సంఖ్య తక్కువ, అడిగే దిక్కు అంతకన్నా తక్కువ అయిన హిజ్రాలూ, యానాదులూ, ఊళ్ళు వదిలి వచ్చిన కూలీలూ అని మా ఉద్దేశం. అది వివరించేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. ఒకావిడ అంతా ఓపిగ్గా విని, "అయితే జబ్బుంటేనే ఇస్తారా అండీ లోను?" అని అడిగింది. మధ్యాహ్నానికి బోర్డు దించేశాం.

మల్లిక మా ఫీల్డ్ వర్కరు. హిజ్రా. చదువు ఇంటర్‌తో ఆగింది, నోరు ఎక్కడా ఆగదు. నేను ప్రపోజల్ చదివి వినిపిస్తే చెంపకు చెయ్యి ఆనించుకుని వినేది. "ఏంది మేడమ్, మాకు జొరం వస్తే గంజి కాసిచ్చేవాడు లేడు గానీ మా అలవాట్ల మీద ఎంతమందికి ప్రేమో!" అనేది. నిజమే గదా. నిధులిచ్చేవాళ్ళకు మనుషుల్ని ఎంత దీనంగా చూపిస్తే అంత తొందరగా సంతకం పడుతుందని మా రంగంలో అందరికీ తెలుసు. నేను మాత్రం ఒక అలవాటు పెట్టుకున్నాను. ఎవరి గురించి రాశానో వాళ్ళలో ఒకరికి ఆ పేజీ పైకి చదివి వినిపిస్తాను. వాళ్ళు నవ్వితే దిద్దుతాను. తల దించుకుంటే చింపేస్తాను. మీరూ అలా చేయండి, నష్టం లేదు.

సాయంత్రం కిటికీ

ఆ నిధుల వల్ల నిజంగా పనికొచ్చింది ఒక్కటే, మా కింద గది కిటికీ.

హెచ్‌ఐవీ ఉన్నవాళ్ళు రోజూ తప్పకుండా మాత్ర వేసుకుంటే అందరిలాగే బతకొచ్చు. ఆ మాత్రలు ప్రభుత్వాసుపత్రిలో ఉచితంగానే ఇస్తారు, పగటిపూట. యార్డులో లారీలు దిగేదీ పగలే. హమాలీ ఆసుపత్రికి పోయి పూట పోగొట్టుకుంటే ముఠా మేస్త్రి ఒకటి రెండుసార్లు ఓర్చుకుంటాడు, ఆ తర్వాత ఇంకొకణ్ణి చూసుకుంటాడు. అందుకని ఆసుపత్రి వాళ్ళ అనుమతి తెచ్చుకొని సాయంత్రం పూట మా కిటికీలోంచి మాత్రలు ఇచ్చేవాళ్ళం. పని దిగిపోయాక, ఒంటి మీద మిరప పొడితోనే వచ్చి తీసుకెళ్ళేవారు. పరిశోధన నడిచినన్నాళ్ళే ఆ కిటికీ. నిధులు ఆగితే నర్సుకు జీతం ఉండదు, కిటికీ మూత పడుతుంది.

ఆ కిటికీకి వచ్చేవాళ్ళలో పోలయ్య ఒకడు. కొత్తపట్నం తీరాన పుట్టిన యానాది. సముద్రం మీద పనులు తగ్గాక భార్య చెంచమ్మతో గుంటూరు వచ్చి యార్డులో ముఠాలో చేరాడు. చెంచమ్మ మిరపకాయల తొడిమలు తీసే పనికి పోయేది. పోలయ్య గొంతు గురించి ముందే చెప్పాలి. లారీ పైన ఉన్నవాడికి కింద నుంచి కేకలేసి కేకలేసి అతనికి మెల్లగా మాట్లాడటం చేతకాకుండా పోయింది. రహస్యం చెబితే నాలుగు కొట్ల అవతలికి వినపడేది. అతని జబ్బు సంగతి యార్డులో అందరికీ తెలుసంటే మా ఆఫీసు తప్పేం లేదు. నర్సు చెవిలో తనే మెల్లగా చెప్పుకున్నాడు.

క్రమం తప్పకుండా వచ్చేవాడు, మాత్రలు పట్టుకెళ్ళేవాడు. అయినా ఆ ఏడు మనిషి చిక్కిపోవటం మొదలైంది. భుజం మీద టిక్కీ పడితే మోకాళ్ళు వణికేవి. పరీక్ష చేయిస్తే ఒంట్లో జబ్బు పెరిగిందని వచ్చింది. అతనొక్కడికే కాదు, కిటికీకి వచ్చే చాలామందికి అదే వరస. చెంచమ్మ ఒక సాయంత్రం కిటికీ ఊచలు పట్టుకొని, "బిళ్ళలు మంచియేనా అమ్మా? మీరేమన్నా పాతయ్యి ఇస్తన్నారా?" అని అడిగింది. ఆ పూటే డబ్బాల మీద తేదీలన్నీ చూశాను, అన్నీ కొత్తవే.

డైరెక్టరు గారి పద్యం

కిటికీ పక్క గోడ మీద ఒక పోస్టరు ఉండేది. డైరెక్టరు గారి సొంత రచన.

"సారా ఉన్న కడుపులో మాత్ర పడరాదు,
మాత్ర ఉన్న కడుపులో సారా పడరాదు."

ఆయన దాన్ని ద్విపద అనేవారు. మా అకౌంటెంటు ఛందస్సు కుదరలేదన్నాడని అతనితో వారం రోజులు మాట్లాడలేదు. తాగుడు మానిపించాలన్నదే ఆయన ఉద్దేశం, అందులో అనుమానం లేదు. ఎర్రక్షరాలు, పక్కన సీసా బొమ్మ, దాని మీద ఇంటూ మార్కు. చదువు రానివాళ్ళు కూడా మల్లికతో చదివించుకొని బట్టీ పట్టారు.

నిధులిచ్చే కమిటీ చైర్మన్ మొదటిసారి వచ్చినప్పుడు ఈ పోస్టరు ముందు నిలబడిపోయారు. ఆయన పెద్ద డాక్టరు. పుట్టింది ఒంగోలు వైపే, ఢిల్లీలో స్థిరపడ్డారు. తెలుగు పద్యం కనపడేసరికి కళ్ళు చెమర్చాయి. "అద్భుతం! ఇంత సూటిగా ఎవరు చెప్పగలరండీ?" అని ఒక కాపీ చుట్ట చుట్టించుకొని విమానంలో పట్టుకెళ్ళారు. మా డైరెక్టరు గారు ఆ వారమంతా నేల మీద నడవలేదు.

రెండో ఏడు అదే చైర్మన్ నుంచి కబురొచ్చింది. మాత్రలు మనుషుల చేతికి చేరుతున్నాయి, జబ్బు తగ్గటం లేదు. ఎందుకు? మళ్ళీ మేం వచ్చేసరికి జవాబు చెప్పండి. జవాబు లేకపోతే ఈ పరిశోధన ఇంతటితో ఆపేద్దాం. ఇదీ కబురు. అంటే కిటికీ మూత. అంటే పోలయ్య కూలి పని పోయినట్టే.

తాగేవాడే లేని ఊరు

సరే, ప్రశ్నలు తయారు చేసుకొని బయల్దేరాం. ఏ ప్రశ్న ఎలా అడగాలో పెద్ద పెద్దవాళ్ళు హోటల్లో కూర్చొని నిర్ణయించారు. "గత వారంలో మీరు మద్యం సేవించిన దినములు ఎన్ని?" "గత వారంలో మీరు మాత్ర వేసుకొనని దినములు ఎన్ని?" ఇవీ అసలైన రెండు ప్రశ్నలు.

ఎవర్నడిగినా ఒకటే జవాబు. తాగుడా? ముట్టం. మాత్రా? ఒక్కరోజు మానం. యార్డు చుట్టూ అన్నేసి వైన్ షాపులు ఎవరి కోసం నడుస్తున్నాయో దేవుడికే తెలియాలి. ఒకాయన మా ఎదురుగా స్తంభాన్ని కావిలించుకొని నిలబడి, "నేనసలు దాని వాసనే ఎరగను తల్లీ" అని ఏడ్చాడు.

పోలయ్య వంతు వచ్చింది.

"తాగుతావా పోలయ్యా?"

"రామ రామ!" అన్నాడు, లారీల అవతలికి వినపడేలా.

మల్లికకు మండిపోయింది. "ఒరేయ్ పోలయ్యా, నిన్న సాయంత్రం వైన్ షాపు కాడ నా పక్కన నిలబడి క్వార్టరు తీసుకుంది నీ తమ్ముడా?"

"అది వేరే సంగతి గదా అక్కా! మేడంగారు అడిగితే చెప్పేదేనా?"

అందులో తప్పేం లేదు. పదిమంది వినేలా ఒక ఆడమనిషి అడిగితే ఏ మగవాడు చెబుతాడు? హిజ్రాలు మల్లికతోనైనా నోరు విప్పుతారేమో అనుకుంటే వాళ్ళూ అంతే. వాళ్ళ ఇంటికి పెద్ద అయిన గురువు చెవిన పడుతుందని భయం. మా డైరెక్టరు గారు మాత్రం వచ్చిన జవాబులు చూసి, "బ్రహ్మాండం! మన పద్యం పనిచేసింది, అందరూ మానేశారు" అని సంబరపడ్డారు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

బేరం చేసే చేయి

మా నాన్న వెనకటి రోజుల్లో మిర్చి కమిషను కొట్లో గుమాస్తా. ఇప్పుడంటే ధరలు కంప్యూటర్లో వస్తున్నాయి గానీ, అప్పట్లో బేరం తువ్వాలు చాటున జరిగేది. అమ్మేవాడూ కొనేవాడూ చేతులు కలిపేవాళ్ళు, పైన తువ్వాలు కప్పేవాళ్ళు. వేళ్ళు నొక్కటమే ధర. పైకి మాత్రం వానల గురించి మాట్లాడుకునేవాళ్ళు. చుట్టూ ఎంతమంది ఉన్నా ఎవరికీ తెలిసేది కాదు. పశువుల సంతల్లో ఇప్పటికీ ఉంది ఆ పద్ధతి. చిన్నప్పుడు అన్నం క్యారియరు ఇవ్వటానికి కొట్టుకు వెళ్ళి, ఆ తువ్వాళ్ళ వైపు నోరు తెరుచుకొని చూసేదాన్ని.

పోలయ్య భుజం మీద ఎర్ర తువ్వాలు చూస్తుంటే ఒక్కసారిగా గుర్తొచ్చింది.

"పోలయ్యా, నోటితో చెప్పొద్దులే. తువ్వాలిలా ఇయ్యి. నేను అడుగుతా, నువ్వు వేళ్ళతో చెప్పు. ఎన్ని రోజులో అన్ని వేళ్ళు, ఐదు దాటితే రెండుసార్లు. ఏం లేకపోతే పిడికిలి."

పోలయ్య మొహం విప్పారింది. "అట్టా చెప్పండి మరి! బేరం లాగానే గదా!" అని చెయ్యి చాపాడు.

యార్డు నడిబొడ్డున, నెరిసిన జుట్టు, కళ్ళజోడు ఉన్న ఆడమనిషి ఒక హమాలీతో తువ్వాలు కింద చెయ్యి కలిపేసరికి లారీలు ఆగాయి. టీ కొట్టు ఖాళీ అయింది. ఒక దళారీ పరుగెత్తుకొచ్చి, "తేజా రకం మిర్చేనా అమ్మగారూ? వాడెంత చెప్పాడో చెప్పండి, నేను తగ్గించి ఇస్తా" అన్నాడు. మల్లిక అతన్ని చేత్తో పక్కకు నెట్టి, "ఇది నువ్వు కొనే సరుకు కాదు గానీ, పో పెద్దాయనా" అంది.

నేను మొదటి ప్రశ్న అడిగాను. వేళ్ళు కదిలాయి. రెండో ప్రశ్న అడిగాను. నిజం తెలిసింది, తాగుడూ ఉంది, మాత్ర మానటమూ ఉంది.

ఇక వరస కట్టారు. నోటితో చెప్పనివాళ్ళంతా వేళ్ళతో చెప్పారు. హిజ్రాల ఇళ్ళల్లో మల్లిక చీర కొంగు కప్పి అడిగింది. పద్ధతి మార్చామని పైవాళ్ళకు తెలియజేస్తే, పరిశోధనల మంచిచెడ్డలు చూసే ఎథిక్స్ కమిటీ నుంచి ప్రశ్నలు వచ్చాయి. తువ్వాలు ఎవరిది? ఒక్కొక్కరికీ మారుస్తారా, ఉతుకుతారా? తువ్వాలును ఇంతకుముందు ఎక్కడైనా పరీక్షించి చూశారా? మా నాన్న కాలం నుంచి పరీక్షిస్తూనే ఉన్నారని జవాబు రాశాను. ఒప్పుకున్నారు. ఉతికే సబ్బుకు విడిగా అనుమతి తీసుకోమన్నారు.

వేళ్ళు మారలేదు

కొన్నాళ్ళకు నాకు ఒక విచిత్రం తట్టింది. మొదటి ప్రశ్నకు ఎన్ని వేళ్ళు తెరుచుకుంటే, రెండో ప్రశ్నకూ అవే. నేను రెండోది అడిగాక చాలామంది చెయ్యి కదిపేవాళ్ళే కాదు. అలాగే ఉంచేవాళ్ళు. మొదట్లో ప్రశ్న వినపడలేదేమో అనుకొని మళ్ళీ అడిగాను. అవే వేళ్ళు. తాగిన రోజులెన్నో మాత్ర మానేసిన రోజులూ అన్నే.

పోలయ్యను పక్కకు పిలిచాను. పక్కకు పిలిచినా లాభం లేదనుకోండి, అతని గొంతుకు పక్క అనేది ఉండదు.

"ఏం పోలయ్యా, తాగిన రోజు మాత్ర ఎందుకు వేసుకోవు? మర్చిపోతావా?"

పోలయ్య నొచ్చుకున్నాడు. "మర్చిపోయేదేంది మేడంగారూ! గుర్తుపెట్టుకొనే మానేస్తన్నా. మీరే గదా గోడ మీద రాసింది! సారా ఉన్న కడుపులో మాత్ర పడరాదు అని. మేమేమన్నా తెలివితక్కువోళ్ళమా? టిక్కీలు మోస్తే ఒళ్ళు హూనం అయిపోద్ది, ఆ కాస్త పడకపోతే పొద్దున లేవలేం. మరి తాగినంక బిళ్ళ వేస్తే కడుపులో రెండూ కొట్టుకొని చచ్చిపోతాం గదా? అందుకే తాగిన రోజు బిళ్ళ జోలికి పోను. చెంచమ్మ మీద ఒట్టు, ఒక్కసారి కూడా తప్పలేదు."

ఈ దేశంలో గోడ మీద రాసిన మాటను ఇంత నిష్ఠగా పాటించినవాళ్ళు ఇంకెవరూ ఉండరు. ఉమ్మి వేయరాదు అని రాసినచోటే ఉమ్ముతాం మనం. వీళ్ళు మాత్రం మా పద్యాన్ని ప్రాణం పెట్టి పాటించారు. ఆ పెట్టింది నిజంగా వాళ్ళ ప్రాణమే.

ఆసుపత్రి డాక్టరు గారిని అడిగాను. "తాగుడు మంచిది కాదు, తగ్గించమనే చెప్పండి. కానీ తాగాడని మాత్ర ఆపటం అంతకన్నా ప్రమాదం. ఏ రోజూ ఆపకూడదు" అన్నారాయన. ఆ మాటే మల్లికా నేనూ కిటికీ దగ్గర అందరికీ చెప్పటం మొదలుపెట్టాం. పోలయ్యతో మల్లిక నాలుగైదుసార్లు పలికించింది. "తాగితే తాగావు గానీ, బిళ్ళ మాత్రం మానబాక." అతను తలూపి, "ఈ ముక్క ముందే రాయొచ్చు గదా గోడ మీద!" అన్నాడు.

అవగాహన లోపం

డైరెక్టరు గారికి చెప్పాను. ఆయన మొహం మాడిపోయింది.

"అంటే నా పద్యమే..."

"మీ పద్యమే సార్."

"కమిటీ మెచ్చుకుంది గదండీ! చైర్మన్ గారు కాపీ కూడా పట్టుకెళ్ళారు. వాళ్ళు మెచ్చిన పద్యమే తప్పని వాళ్ళ మొహం మీదే చెబుతామా? ఇక నిధులిస్తారా? కిటికీ మూసేసుకుందామా?" కొంచెం ఆగి, గొంతు తగ్గించారు. "అవగాహన లోపం అని రాద్దాం శేషారత్నం గారూ. ఎవరికీ బాధ ఉండదు."

ఆ ముక్క వింటే నాకు ఒళ్ళు మండుకొస్తుంది, ఇప్పటికీ. రిపోర్టుల్లో 'అవగాహన లోపం' అని కనపడితే అది రాసినవాడికి ఉందని అర్థం చేసుకోండి. "వాళ్ళకు అవగాహన పుష్కలంగా ఉంది సార్. మనం చెప్పింది చెప్పినట్టు అర్థం చేసుకున్నారు. అదే వచ్చిన చిక్కు" అన్నాను. ఆయన భయం అబద్ధం కాదు. నిజం చెబితే కిటికీ పోవచ్చు. చెప్పకపోతే కిటికీ ఉంటుంది, గోడ మీద పద్యమూ ఉంటుంది, కొత్తగా వచ్చేవాళ్ళ కడుపులో మాత్రలు పడవు. ఏది మేలు? నేను చెబుతానన్నాను. ఆయన సరేననలేదు, వద్దనలేదు. పోస్టరు మాత్రం గోడ మీద అలాగే ఉంచమన్నారు. చైర్మన్ గారు వెతుక్కుంటారేమోనని.

చైర్మన్ గారి చేయి

కమిటీ వచ్చింది. కింద గదిలో కుర్చీలు వేశాం, కొబ్బరి నీళ్ళు ఇచ్చాం, వచ్చినవాళ్ళంతా తుమ్మారు. పోలయ్యను కూడా పిలిపించాను, చేసి చూపించటానికి. అప్పటికి మనిషి కాస్త తేరుకున్నాడు, మళ్ళీ టిక్కీ ఎత్తుతున్నాడు. ఉతికిన చొక్కా, భుజం మీద అదే ఎర్ర తువ్వాలు.

నేను తువ్వాలు సంగతి చెప్పటం మొదలుపెట్టానో లేదో చైర్మన్ గారికి హుషారు వచ్చేసింది. ఎంతైనా ఈ వైపు పుట్టిన మనిషి.

"మా తాత ఎడ్ల బేరం ఇలాగే చేసేవాడండీ! ఏదీ, ఏదీ, నన్ను అడుగు పోలయ్యా, చూద్దాం!" అని కోటు చేయి పైకి లాగి చాపారు.

నేను వద్దనేలోపే పోలయ్య తువ్వాలు కప్పేశాడు. ఎన్నిసార్లు విన్నాడో, ప్రశ్నలు కంఠతా వచ్చు అతనికి.

"సారుకేమన్నా రోజూ వేసుకునే బిళ్ళ ఉందా అండీ?"

"ఉందయ్యా, బీపీకి."

"అయితే మొదటిది. పోయిన వారంలో పుచ్చుకున్న రోజులెన్ని?"

చైర్మన్ గారు నవ్వుతూ మా అందరి వైపూ చూశారు. తువ్వాలు కదిలింది.

"రెండోది. బిళ్ళ మానేసిన రోజులెన్ని?"

తువ్వాలు కదల్లేదు.

గదిలో ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. నాకు అర్థమైంది. పోలయ్య ఆయన మొహంలోకి చాలాసేపు చూశాడు. ఆయన చేతిని వదల్లేదు. ముందుకు వంగి, చెవిలో రహస్యంగా చెప్పాడు. అంటే యార్డు గేటు దాకా వినపడింది.

"పర్లేదులే సారూ, నాకూ తెలవక అట్టానే చేశా. తాగితే తాగావు గానీ, బిళ్ళ మాత్రం మానబాక. పోతావు!"

డైరెక్టరు గారు కళ్ళు మూసుకున్నారు. మల్లిక నోట్లో కొంగు కుక్కుకుంది. ఒక కమిటీ సభ్యుడు కొబ్బరి బోండాంలోకి తొంగిచూస్తూ ఉండిపోయాడు. మా నిధులు ఆ క్షణాన కిటికీలోంచి ఎగిరిపోతున్నట్టే కనపడ్డాయి నాకు.

చైర్మన్ గారు మెల్లగా చెయ్యి తీసుకున్నారు. గోడ మీద పద్యం వైపు చూశారు.

"ఇది మా ఇంట్లో ఫ్రిజ్ మీద అంటించానండీ" అన్నారు. "డాక్టర్ని అయ్యుండి... రోజూ చూస్తుంటే ఎక్కేసింది. పార్టీ ఉన్న రోజు మాత్ర మానేసి, ఎంత క్రమశిక్షణో అనుకున్నాను."

ఆ తర్వాత నేను పెద్దగా చెప్పాల్సింది ఏమీ మిగల్లేదు. వేళ్ళు మారని సంగతి రెండు ముక్కల్లో చెప్పాను. ఆయన తలూపుతూ విన్నారు. "తేడా ఒక్కటే. నాకు ఒంట్లో బాగోకపోతే ఫోన్ చేయటానికి పదిమంది స్నేహితులు డాక్టర్లున్నారు. ఇతనికి ఈ కిటికీ ఒక్కటే ఉంది" అన్నారు. మా డైరెక్టరు గారు అన్నేళ్ళు చెప్పిన డిస్పారిటీ అంటే ఏమిటో నాకు ఆ రోజు నిజంగా బోధపడింది. ఆయనకూ బోధపడినట్టుంది. ఎవరూ అడక్కుండానే లేచి, తన పద్యాన్ని తనే గోడ మీద నుంచి ఒలిచారు. జిగురు గట్టిగా పట్టింది, సగమే వచ్చింది. పోలయ్య వెళ్ళి మిగతా సగం గీకేశాడు.

నిధులు వచ్చాయి. కిటికీ నిలిచింది. కొత్త పోస్టరులో పోలయ్య మాటే పెట్టాం. 'మానబాక' అంటే బాగుండదు, 'మానవద్దు' అని పెడదామని డైరెక్టరు గారు చివరి దాకా పోట్లాడారు. మల్లిక ఒప్పుకోలేదు. ఇంకో ఏడాదికి ఆ కిటికీ పని ఆసుపత్రి వాళ్ళే తీసుకున్నారు. అందువల్ల ఇప్పుడు మా పరిశోధన లేకపోయినా సాయంత్రం మాత్రలు అందుతున్నాయి.

పిడికిలి

మొన్న వేసవిలో ఏడాదికి సరిపడా కారం పట్టిద్దామని యార్డు వైపు వెళ్ళాను. అప్పటి దళారీ నన్ను గుర్తుపట్టి, "ఈసారైనా కొంటారా అమ్మగారూ?" అన్నాడు. కొన్నాను. మూట ఆటో దాకా మోసింది పోలయ్యే. జుట్టు నెరిసింది, గొంతు మాత్రం అలాగే ఉంది. చెంచమ్మ బాగుందని, మల్లిక అక్క ఇప్పుడు ఆసుపత్రిలో కౌన్సిలరని, అందరినీ తిడుతోందని చెప్పాడు. ఆటోవాడితో పాటు వీధంతా విన్నది.

మూట లోపల పెట్టాక నేను ఊరికే ఉండలేకపోయాను. "పోలయ్యా, తువ్వాలు" అన్నాను.

పకపకా నవ్వాడు. భుజం మీది తువ్వాలు తీసి చేతుల మీద కప్పాడు.

మొదటి ప్రశ్న అడిగాను. దాని జవాబు మీకు చెప్పను. మా పనిలో అది చెప్పకూడదు.

రెండో ప్రశ్న అడిగాను. తువ్వాలు కింద ఆ వేళ్ళు కదిలాయి. ఒక్కొక్కటే ముడుచుకున్నాయి. నా చేతిలో మిగిలింది ఒక పిడికిలి, గరుగ్గా, వెచ్చగా, రాయిలా గట్టిగా.